ట్రెడ్స్: బిల్లు మర్నాడే డబ్బవుతుంది, కొన్న కంపెనీ ఒప్పుకుంటే

పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చి నెలల తరబడి డబ్బు కోసం తిరిగే చిన్న యూనిట్లు ట్రెడ్స్‌లో, అంటే బిల్లు గడువుకు ముందే బ్యాంకు నుంచి డబ్బు తెచ్చుకునే ఆన్‌లైన్ వేదికల్లో, తప్పకుండా చేరాలి. రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరు మార్గదర్శకాలతో పుట్టిన ఈ సేవను ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎమ్‌వన్ ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ అనే వేదికలు 2017 నుంచి నడుపుతున్నాయి. మీ కొనుగోలుదారు ఏ వేదికలో ఉంటే మీరూ అందులోనే చేరాలి.

ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు), పాన్, జీఎస్టీ, బ్యాంకు పత్రాలతో ఒకసారి నమోదైతే చాలు. బిల్లు ఎక్కించాక కొనుగోలుదారు ఆమోదిస్తే బ్యాంకులు పోటీపడి రేట్లు చెబుతాయి. నచ్చినది ఒప్పుకుంటే సాధారణంగా మర్నాడే డబ్బు పడుతుంది. తాకట్టు అక్కర్లేదు. రేటు కొనుగోలుదారు పరపతిని బట్టి వస్తుంది కాబట్టి చిన్న యూనిట్‌కు సొంతంగా దొరికే వడ్డీకన్నా చాలావరకు తక్కువే. గడువునాడు ఆ కంపెనీ కట్టకపోయినా బ్యాంకు మీ మీదికి రాదు. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

చిక్కంతా ఆమోదం దగ్గరే. ఒకసారి ఆమోదిస్తే గడువునాడు కంపెనీ ఖాతాలోంచి డబ్బు నేరుగా పోతుంది. తర్వాత వాయిదా వేయడం, డెబిట్ నోటు (బిల్లులో కొంత తగ్గిస్తున్నామనే చీటీ) పెట్టి కోయడం కుదరదు. అందుకే కొన్ని కంపెనీలు సరుకు వాడేసుకుంటూనే జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు ఇచ్చే రసీదు) పెండింగ్‌లో ఉంచుతాయి. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలు 2025 మార్చి 31లోగా ట్రెడ్స్‌లో చేరాలని కేంద్రం చెప్పింది. చేరమంది కానీ ప్రతి బిల్లునూ అక్కడ ఆమోదించి తీరాలనలేదు. డెలివరీ చలాన్ మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే చిన్న సంస్థల బాకీలకు రక్షణ ఇచ్చే ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సరుకు అంగీకరించినట్టే.

ముందే డబ్బిచ్చినందుకు బ్యాంకు తీసుకునే వడ్డీ ఎవరు భరించాలన్నది ఇంకా ముఖ్యం. 10 లక్షల బిల్లు, 8 శాతం రేటు అనుకుందాం. 45 రోజులకు 9,863 రూపాయలు, 90 రోజులకు 19,726. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదని అదే చట్టం అంటోంది. 'ట్రెడ్స్ ఉందిగా' అని గడువు 90కి లాగి వడ్డీ మీ నెత్తిన వేస్తే, ఆ అదనపు సగం కొనుగోలుదారు ఖర్చును మీరు మోయడమే.

ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగొచ్చు, ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదూ చేయొచ్చు. కానీ అమ్మకాల్లో సగానికి పైగా ఒకే కంపెనీకి వెళ్తుంటే ఆ ధైర్యం ఎవరు చేస్తారు? 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన అంతకన్నా బాగా పనిచేస్తుంది. గడువు దాటిన బాకీ కట్టేదాకా కొనుగోలుదారుకు ఆ ఖర్చు మినహాయింపు దొరకదు, మీరు నోరు విప్పాల్సిన పనీ లేదు. మధ్య తరహా సంస్థలకు, వ్యాపారులకు మాత్రం ఈ రక్షణ లేదు.

సీసీ లిమిట్ (సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్) ఉంటే ముందుగా మీ బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. ట్రెడ్స్‌లో డబ్బు చేసుకున్న బిల్లులను ఆ బ్యాంకుకు ఇచ్చే నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్‌లో, మీకు రావాల్సిన బాకీల జాబితా నుంచి తీసేయాలి. లేకపోతే ఒకే బిల్లు మీద రెండు చోట్ల అప్పు తీసుకున్నట్టవుతుంది. కొత్త పర్చేజ్ ఆర్డరు మీద సంతకం పెట్టేముందే '45 రోజులు, ట్రెడ్స్ వడ్డీ కొనుగోలుదారుదే' అని రాయించుకోండి. సరుకు గేటు దాటాక ఆ మాట అడిగినా వినేవాళ్లుండరు.