ఇసడోరా డంకనా, మార్తా గ్రాహమా: ముందు ఎవరిని చూడాలి?

కూచిపూడో భరతనాట్యమో కొన్నేళ్లు నేర్చుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మోడరన్ డాన్స్ (బాలే కట్టుబాట్లు వదిలేసి పడమటి దేశాల్లో పుట్టిన నాట్యం) అంటే ఏమిటో తెలియాలంటే, దానికి బాట వేసిన ఇద్దరు అమెరికన్ నర్తకుల్లో ఎవరితో మొదలుపెట్టాలి?

కథ కావాలంటే ఇసడోరానే. 1904లో బెర్లిన్ దగ్గర గ్రూనెవాల్డ్‌లో బడి పెట్టింది, 1921లో మాస్కో వెళ్లి అక్కడా ఒకటి తెరిచింది, మరుసటేడు కవి యెసెనిన్‌ని పెళ్లాడింది, 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో మెడకి చుట్టుకున్న స్కార్ఫ్ కారు చక్రంలో చిక్కుకుని చనిపోయింది. బాలే బూట్లూ నడుము బిగించే కార్సెట్టూ వదిలేసి షోపాన్ సంగీతానికి వట్టి కాళ్లతో ఆడటం అప్పట్లో ఎంత తెగింపో మనకి చప్పున తట్టదు, మన నాట్యం ఎప్పుడూ వట్టి కాళ్లతోనే కదా! కానీ ఆ నాట్యం చూద్దామంటే ఏదీ? ఆమెదని చెప్పే కొన్ని సెకన్ల ఫిల్ము ముక్క, ఫొటోలు, చిత్రకారులు గీసిన బొమ్మలు, శిష్యురాళ్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ నిలబెట్టిన కొన్ని నాట్యాలు. అంతే.

నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. మార్తా (1894–1991) నాట్యాలతోపాటు నేర్పే పద్ధతి కూడా వదిలివెళ్లింది. ఊపిరి వదులుతూ పొత్తికడుపు లోపలికి లాగితే వెన్ను వంపు తిరుగుతుంది, అది కాంట్రాక్షన్. ఊపిరి పీలుస్తూ మళ్లీ విచ్చుకోవడం రిలీజ్. క్లాసు నేలమీద కూర్చుని మొదలవుతుంది, తర్వాతే లేవడం, నడవడం, పడటం. మన నాట్యంలో మొదట నేర్పే అడవులు (అడుగుల వరసలు) సాధన చేసినవాళ్లకి ఈ వరస వెంటనే ఒంటబడుతుంది, కాకపోతే మనకి బలం పాదాల్లోంచి వస్తే ఇక్కడ నడుము కిందినుంచి రావాలి, మొదట్లో అదే కష్టం. 1930 నాటి 'లామెంటేషన్' చూడండి: గొట్టంలాంటి సాగే బట్టలో దూరి, బెంచీ మీద కూర్చుని, దాదాపు లేవకుండానే దుఃఖమంతా చూపిస్తుంది. హస్తముద్రలు లేవు, కళ్లతో చెప్పే కథ లేదు. అభినయానికి అలవాటుపడ్డ మన కళ్లకి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

లోపాలు లేవని కాదు. మెడియా, జొకాస్టా, క్లైటెమ్నెస్ట్రా అంటూ గ్రీకు రాణుల వెంటపడ్డ కాలంలో బరువు మరీ ఎక్కువైందనిపిస్తుంది. డెబ్బై దాటాక కూడా స్టేజీ వదలకపోవడం ఇంకొకటి. అయినా 1926లో పెట్టిన నాట్య కంపెనీ ఇప్పటికీ ఆడుతోంది, తర్వాత సొంతంగా పేరుపొందిన మెర్స్ కన్నింగ్‌హామ్, పాల్ టేలర్ అందులోంచే వచ్చారు.

కన్నింగ్‌హామ్‌తోనే మొదలుపెడితే? వద్దు, నాణెం ఎగరేసి కదలికల వరస నిర్ణయించినవాడు, తర్వాత చూడొచ్చు. పట్టుబట్టలూ రంగు లైట్లతో మాయ చేసిన లోయీ ఫుల్లర్‌కి ఒక సాయంత్రం చాలు.

మార్తాని ఎంచుకుంటే ముందు 1957లో తీసిన 'ఎ డాన్సర్స్ వరల్డ్' అనే ఫిల్ము చూడండి. ఆమె మేకప్ గదిలో తయారవుతూ మాట్లాడుతుంటే, డాన్సర్లు పక్కన ఆ పద్ధతంతా చేసి చూపిస్తారు.