గ్లాసులో నచ్చిన బీరు గిన్నెలో నచ్చాలని లేదు: నాలుగేళ్ల వాడకం తర్వాత

బీరు పోసి నేను మొదటిసారి వండిన మాంసం ఎవరూ తినలేకపోయారు. తాగడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, మంచి సువాసనతో పాటు చేదు ఎక్కువుండే బీరు) ఒక సీసా మొత్తం అందులో పోశాను. అంత మంచి బీరు వేస్తే వంట ఇంకా బాగుంటుందనే అనుకున్నాను. రెండు గంటలు సన్నని మంట మీద ఉడికింది, ఇల్లంతా కమ్మటి వాసన. మా తమ్ముడు ఒక ముక్క తిని కాసేపు ఆగాడు. "అక్కా, మాంసం వెన్నలా ఉడికింది. కానీ చివర్లో ఒక చేదు వస్తోంది, ఎంతకీ పోవట్లేదు" అన్నాడు. రుచి చూశాను. నిజమే, నాలుక వెనక భాగానికి పట్టుకుని కూర్చుంది. ఆ గిన్నె అంతా పారబోయాల్సి వచ్చింది, చాలా బాధేసింది.

ఇది నాలుగేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి క్రాఫ్ట్ బీర్‌ను, అంటే చిన్న తయారీదారులు కాచే బీరును, భోజనంతో కలిపి తాగుతూ, దానితో వండుతూ వచ్చాను. నేర్చుకున్నదాంట్లో సగం ఆ గిన్నెలోనే ఉంది.

బీరులో వేసే హాప్స్ అనే పూలు దానికి రెండు ఇస్తాయి: సువాసన, చేదు. నిమ్మతొక్క, పైన్ చెట్టు, మామిడిపండు లాంటి ఆ సువాసనలు ఇట్టే ఆవిరయ్యే నూనెలవి, పది నిమిషాలు మరిగితే చాలావరకు ఎగిరిపోతాయి. చేదు మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. నీళ్లు ఇగిరేకొద్దీ అది చిక్కబడుతుంది. అంటే ఐపీఏలో మనం డబ్బు పెట్టి కొన్న సువాసన పొగలో కలిసిపోతుంది, మిగిలిన చేదును మనం తింటాం. కొన్ని సీసాల మీద ఐబీయూ అని ఒక అంకె ఉంటుంది, అది చేదుకు కొలత. గోధుమ బీర్లకు సాధారణంగా 10, 15 దగ్గర, ఐపీఏలకు 40 నుంచి 70 దాకా ఉంటుంది. ఎక్కువసేపు ఉడికే వంటకు 25 దాటిన బీరు నేను పొయ్యి దగ్గరకు రానివ్వను.

మరి ఏది పోయాలి? బెల్జియంలోని ఫ్లెమిష్ ప్రాంతంలో కార్బొనాడ్ అనే వంట ఉంది: గొడ్డు మాంసం, బోలెడన్ని ఉల్లిపాయలు, ముదురు రంగు బీరు. దానికి నేను డబ్బెల్ అనే ముదురు రంగు బెల్జియన్ బీరు వాడతాను. చేదు తక్కువ, కాల్చిన చక్కెర, ఎండుద్రాక్ష లాంటి రుచి ఎక్కువ. ఇదే పద్ధతిలో మేక మాంసమూ చేశాను, పుట్టగొడుగులూ చేశాను, రెండూ బాగా కుదిరాయి. అసలు పని ఉల్లిపాయల దగ్గర ఉంది. తొందరపడకుండా నలభై నిమిషాలు వేయించాలి. గోధుమ రంగు దాటి, ముదురు తేనె రంగుకు వచ్చి, గిన్నె అడుగున చారలు చారలుగా అంటుకుంటున్నప్పుడు బీరు పోయాలి. ఒక్కసారిగా నురగ అంచు దాకా పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి. ఆ నురగ దిగుతుండగా చెక్క గరిటెతో అడుగంతా గీరితే, అంటుకున్నదంతా కరిగి ద్రవంలో కలుస్తుంది. వంట రుచంతా ఆ గీకుడులోనే ఉంది. అక్కడి వాళ్లు ఆవాల ముద్ద పూసిన బ్రెడ్ ముక్కను పైన పెట్టి ఉడికిస్తారు. అది మెల్లగా కరిగిపోయి గ్రేవీని చిక్కబరుస్తుంది. దించే ముందు ఒక చెంచా బ్రౌన్ షుగర్, ఒక చెంచా వెనిగర్. ఉప్పు చివర్లోనే వేయండి, ఎందుకంటే ఇగిరాక ఉప్పదనం కూడా పెరుగుతుంది.

ఇక కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు బీరుతో కలిపిన పిండిలో ముంచి చేపలు వేయించమంటాను. తక్కువ కష్టానికి ఇంత ఫలితం ఇచ్చే పని ఇంకోటి నాకు దొరకలేదు. ఒక కప్పు మైదా, రెండు చెంచాల మొక్కజొన్న పిండి, ఉప్పు, బాగా చల్లగా ఉన్న లాగర్ (మామూలుగా దొరికే లేత రంగు బీరు) ఒక కప్పుకు కాస్త తక్కువ. బీరులోని గ్యాస్ బుడగలు నూనెలో వ్యాకోచించి పొరను గుల్లగా చేస్తాయి. ఆల్కహాల్ నీటికంటే ముందే, 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, పిండిలో గ్లూటెన్ సాగకుండా కూడా చూస్తుంది. అందుకే పైపొర కరకరలాడుతుంది, లోపల చేప పొడిబారదు. పిండిని నున్నగా వచ్చేదాకా గిలకొట్టకండి, చిన్న చిన్న ఉండలు ఉన్నా పరవాలేదు. ముక్కల తడి తుడిచి, ముందు పొడి మైదాలో దొర్లించి, తర్వాత ముంచాలి. నూనె 180 నుంచి 190 డిగ్రీల మధ్య ఉండాలి. నిన్న తెరిచి మూత పెట్టిన బీరు దీనికి పనికిరాదు, గ్యాస్ పోయి ఉంటుంది. ఉడికే వంటలకు మాత్రం హాయిగా వాడుకోవచ్చు.

బీరుతో బ్రెడ్ కూడా చేశాను. బాగానే వస్తుంది, ఈస్ట్ పొంగేదాకా ఆగే పని ఉండదు. రెండు మూడుసార్ల తర్వాత మళ్లీ చేయాలనిపించలేదు.

భోజనంతో కలిపి తాగే విషయానికి వస్తే, కారం వంటలకు ఐపీఏ అని చాలామంది సలహా ఇస్తారు. నాకు అది ఎప్పుడూ సరిపడలేదు. మిరపలోని కాప్సైసిన్ నోట్లో మంటను గుర్తించే గ్రాహకాలను తాకుతుంది, ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది. దానిపైన గ్యాస్ చురుకు, హాప్స్ చేదు. ఇవన్నీ కలిస్తే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. అలా ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, కాదనను. నేను మాత్రం కారానికి ఆల్కహాల్ తక్కువున్న గోధుమ బీరే పోస్తాను. జర్మన్ హెఫెవైజెన్‌లో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో అరటిపండూ ఉండదు, లవంగమూ ఉండదు, అదంతా ఈస్ట్ చేసే పని. బెల్జియన్ గోధుమ బీరైన విట్‌బీర్‌లో మాత్రం నిజంగానే నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. హుగార్డెన్ అనే ఊళ్లో 1950లలో ఆగిపోయిన ఈ బీరును, పాలు అమ్ముకునే పియరీ సెలిస్ 1966లో మళ్లీ కాయడం మొదలుపెట్టాడు. ఆయన పూనుకోకపోతే ఇవాళ మనకు ఈ రుచి దక్కేదో లేదో. రొయ్యలు, ఆల్చిప్పలు దీనిలో మూత పెట్టి ఐదు నిమిషాలు ఉడికిస్తే చాలు. అంత తక్కువసేపు కాబట్టి ధనియాల వాసన పోదు.

ఐపీఏకి సరైన జోడీ ఉప్పు, కొవ్వు. ఉప్పు చేదును అణిచేస్తుంది. వేయించిన బంగాళాదుంపలు, బాగా పాతబడిన చెడ్డార్ చీజ్ పక్కన పెట్టుకుని అదే ఐపీఏ తాగి చూడండి. ఒంటరిగా కటువుగా అనిపించిన బీరులో పండ్ల రుచి బయటికొస్తుంది. స్టౌట్‌కి, అంటే బాగా వేయించిన మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజలతో) చేసే నల్లటి బీరుకి, చాక్లెట్ కేక్. మాల్ట్ వేగినప్పుడు, కోకో గింజలు వేగినప్పుడు పుట్టే రుచులు దగ్గరి బంధువులు. కాకపోతే కేక్ బీరు కంటే మరీ తియ్యగా ఉంటే స్టౌట్ నీళ్లలా, పుల్లగా అనిపిస్తుంది. స్టౌట్‌ను ఫ్రిజ్ నుంచి తీయగానే తాగకండి. ఒక ఇరవై నిమిషాలు బయట పెడితే, 10, 12 డిగ్రీల దగ్గర దాని కాఫీ వాసన విచ్చుకుంటుంది.

తేదీ చూడకుండా కొని ఒకసారి మోసపోయాను. ఒక దుకాణంలో అరలో వరసగా పెట్టిన ఐపీఏలు ఆరు తెచ్చుకుంటే అన్నీ తడిసిన అట్టపెట్టె వాసన వచ్చాయి. ప్యాక్ చేసి ఎనిమిది నెలలైంది, అన్నాళ్లూ గది వేడిలోనే ఉన్నాయి. అడిగితే గడువు దాటలేదు కదా అన్నారు. ఇప్పుడు ఐపీఏ అయితే మూడు నెలలు దాటింది ముట్టుకోను. పచ్చ సీసా, తెల్ల సీసా వెలుతురులో పెట్టి ఉంటే అసలే వద్దు. వెలుతురు తగిలిన హాప్స్ నుంచి దుర్వాసన పుడుతుంది, గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది.

ఒక విషయం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఉడికితే ఆల్కహాల్ అంతా పోతుందని నేనూ నమ్మాను. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పావుగంట ఉడికిన వంటలో దాదాపు 40 శాతం మిగులుతుంది, గంట ఉడికితే 25 శాతం, రెండున్నర గంటలకు కూడా 5 శాతం. అందుకే పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివాళ్లకు ఇది పెట్టను. అతిథులకు వడ్డించే ముందే చెబుతాను. వాళ్ల కోసం పక్క పొయ్యి మీద ఇంకో గిన్నె పెడతాను. బీరు బదులు ఎముకల రసం, మిగతావన్నీ అవే: అవే ఉల్లిపాయలు, అదే చెంచా వెనిగర్. దాని గరిటె దానికే. గిన్నెలు తారుమారు కాకుండా మూత మీద చిన్న కాగితం అంటిస్తాను.