కమిటల్ దశలో వాదనా, డిశ్చార్జి పిటిషనా, హైకోర్టు క్వాషా: ఏది మేలు?

బొబ్బిలిలోనో టెక్కలిలోనో మేజిస్ట్రేటు కోర్టులో కేసుకు పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు పడిందంటే అది సెషన్స్ కోర్టుకు పోయే కేసు. చాలామంది అక్కడే ‘అబద్ధపు కేసు, కొట్టేయండి’ అని పిటిషన్ వేద్దామంటారు. దండగ. బి.ఎన్.ఎస్.ఎస్. (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 232 కింద మేజిస్ట్రేటు చూసేది, ఈ నేరం సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిందా కాదా అన్నంతవరకే. సాక్షి నిజం చెప్పాడా అని తూచే అధికారం ఆయనకు లేదు. కాగితాల నకళ్లు ముద్దాయికి అందాయో లేదో చూసి, 90 రోజుల్లో కేసును సెషన్స్ కోర్టుకు పంపాలి. ఈ పంపడాన్నే కమిటల్ అంటారు. కారణాలు రాస్తే 180 రోజుల దాకా గడువుంది. మీరు వేసిన అర్జీ కూడా కేసుతోపాటు పైకే పోతుంది. ఈ దశలో చేయాల్సిన పని ఒకటే: నకళ్లలో వూండ్ సర్టిఫికెట్ (గాయాల మీద డాక్టరిచ్చే కాగితం), సాక్షుల వాంగ్మూలాలు అన్ని పేజీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవడం.

అసలు అవకాశం సెషన్స్ కోర్టులో, సెక్షన్ 250 కింద డిశ్చార్జి (విచారణ మొదలుకాకముందే కేసు నుంచి తప్పించమనే) పిటిషన్‌తో మొదలవుతుంది. గడువు 60 రోజులు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు: ఆ రోజులు కమిటల్ ఆర్డరు తేదీ నుంచి నడుస్తాయి, సెషన్స్ కోర్టులో తొలి వాయిదా నుంచి కాదు. ఎస్.సి. (సెషన్స్ కేసు) నంబరు పడి సమన్లు ఇంటికొచ్చేసరికే కొన్ని వారాలు కరిగిపోవచ్చు.

జడ్జికి ఇక్కడా హద్దులున్నాయి. పోలీసు కాగితాలు చదివి, బలమైన అనుమానానికి ఆధారముందా అని జల్లెడ పట్టొచ్చు. శిక్ష పడుతుందా అని తేల్చకూడదు. ‘ఆ రోజు నేను విశాఖలో ఉన్నా, ఇదిగో బస్సు టికెట్టు’ అంటే చూడరు. ముద్దాయి తెచ్చిన కాగితాలకు ఈ దశలో చోటు లేదని సుప్రీంకోర్టు 2004లో దేబేంద్రనాథ్ పాఢీ కేసులో తేల్చేసింది.

ఉద్దానంలో జీడితోట గట్టు తగాదా అనుకుందాం. ముంజేతి మీద కత్తి గాయాలు రెండు, డాక్టరు రెండూ ‘సింపుల్’ అని రాశారు. పోలీసులు బి.ఎన్.ఎస్. (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) సెక్షన్ 109, అంటే హత్యాయత్నం పెట్టారు. చూసినవాళ్లు ముగ్గురుంటే కేసు మొత్తం ఎగిరిపోతుందని ఆశపడొద్దు. అడగాల్సింది 109 తీసేయమని. చంపే ఉద్దేశానికి కాగితాల్లో ఆధారం లేదని జడ్జికి అనిపిస్తే, బి.ఎన్.ఎస్.ఎస్. సెక్షన్ 251 కింద 118(1)కి, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచినందుకు, అభియోగం రాసి కేసును మేజిస్ట్రేటుకే పంపేయొచ్చు. తేడా చిన్నది కాదు: గాయమైతే 109కి యావజ్జీవం దాకా, 118(1)కి గరిష్ఠం మూడేళ్లు, లేదా 20 వేల జరిమానా, లేదా రెండూ. అయితే గాయం చిన్నదన్న ఒక్క వాదన చాలదు. తలకు గురిపెట్టిన వేటును చేయి అడ్డం పెట్టి ఆపారని వాంగ్మూలంలో ఉంటే, ఆ చిన్న గాయమే మీకు ఎదురు తిరుగుతుంది.

అమరావతిలో హైకోర్టు ముందు సెక్షన్ 528 కింద క్వాష్ పిటిషన్ (కేసునే కొట్టేయమనే అర్జీ) మూడో దారి. ఖర్చెక్కువ, రాత్రి బండెక్కాలి, అక్కడా సాక్షుల మాటలు తూచరు. ఆరోపణలన్నీ నిజమనుకున్నా నేరం కానప్పుడు, అవతలివాళ్లు కాదనలేని గట్టి రికార్డు చేతిలో ఉన్నప్పుడు, లేదా రాజీకి వీలున్న సొంత తగాదాల్లో అయితేనే దాని జోలికి వెళ్లాలి. హత్యాయత్నం కేసులో రాజీ కాగితం మీద మాత్రం మరీ ధీమా పెట్టుకోవద్దు.

కాబట్టి గట్టు తగాదాలాంటి కేసుకు డిశ్చార్జి పిటిషనే మేలు, అదీ సెక్షన్ తగ్గించుకోవడానికి. ఒకసారి అభియోగం రాశాక అదే జడ్జి వెనక్కి తిరిగి డిశ్చార్జి చేయలేరు. ఇక విచారణ, తీర్పే. డిశ్చార్జి అయినా నిర్దోషిగా విడుదలైనట్టు కాదు, కొత్త ఆధారం దొరికితే కేసు మళ్లీ లేవొచ్చు. పిటిషన్ కొట్టేస్తే, ఆ ఆర్డరు సరైనదేనా చూడమంటూ హైకోర్టులో రివిజన్‌కు 90 రోజులుంటాయి. సర్టిఫైడ్ కాపీకి అర్జీ ఆర్డరొచ్చిన రోజే పెట్టేయాలి.