అల్లిన దూలాల వంతెనలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ నేర్చుకోవాలి

చైనాలోని జెజియాంగ్, ఫుజియాన్ కొండల్లో మేకులు లేకుండా, దుంగలను ఒకదానిలోంచి ఒకటి పోనిచ్చి కట్టిన కమాను వంతెనలున్నాయి. చూసి వచ్చేయడానికైతే వెన్‌జౌ నుంచి తైషున్ జిల్లాలోని సిషీ గ్రామానికి వెళ్తే చాలు. బెయ్‌జియెన్, షీదుంగ్ అనే జంట వంతెనలు నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నాయి. ఎర్ర పలకలు, పైకి తిరిగిన చూరు కొసలు, ఒడ్డున మహావృక్షం... ఫొటోలకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ అసలు విద్యంతా వంతెన కింద ఉంది. ఏటి గట్టు దిగి తలెత్తి చూడాలి.

అలా చూసినా నాకు సగమే తలకెక్కింది. మిగతా సగం ఆ జిల్లాలోనే ఒక వడ్రంగి శిబిరంలో చిన్న నమూనా కట్టినప్పుడు తెలిసింది. ముందు మూడు ముక్కల కమాను నిలబెడతారు: రెండు వాలు దుంగలు, నడుమ ఒక బల్లపరుపు దుంగ. అలాంటి వరసలు పక్కపక్కనే పేర్చి, కలిసే చోట అడ్డదూలం బిగిస్తారు. తర్వాత ఐదు ముక్కల కమానును మొదటిదాని సందుల్లోంచి, దాని అడ్డదూలాలను ఒరుసుకుంటూ దూరుస్తారు. ఇక ఒకదాన్ని మరొకటి కదలనివ్వదు. ఖాళీ నమూనా మీద ఒక పక్కన నిలబడితే అవతలి పక్క ఉబికింది. ఇసుక బస్తాలు పరిచాక కుదురుకుంది. ఈ వంతెనల పైన ఇల్లులాంటి కప్పు ఎందుకు కడతారో అప్పుడు బోధపడింది. అది దుంగలను వానకు తడవనివ్వదు, తన బరువుతో కమానును అదిమి పెడుతుంది.

గురువుగారికి ఓపిక ఎక్కువ. దుబాసీ లేకున్నా చేతులతోనే అన్నీ చెప్పారు. అయితే కుసులన్నీ (ఒక దుంగ నుంచి మరో దుంగలోకి దూరే కొసలు) ముందే యంత్రంతో కోసి ఉంచారు, మాకు మిగిలింది కూర్పే. ఉలి పట్టాలనుకునేవారు డబ్బు కట్టే ముందే ఆ సంగతి అడగండి.

నా ఓటు మాత్రం వెన్‌షింగ్ వంతెనకు. 2016 సెప్టెంబరులో మెరాంటి తుపాను వరదకు తైషున్‌లో మూడు పాత వంతెనలు కొట్టుకుపోయాయి, వాటిలో ఇదొకటి. దిగువన దొరికిన దుంగలను ఏరి తెచ్చి, మరుసటి ఏడాదికల్లా మళ్లీ నిలబెట్టారు. దీని కమాను ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఉంటుంది. నమూనా కట్టి వచ్చిన కళ్లకు ఆ వంకర పెద్ద పాఠం. ఈ నిర్మాణ విద్యను 2009లో యునెస్కో తక్షణ రక్షణ అవసరమైన సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. 2024లో ఆ జాబితా నుంచి ప్రాతినిధ్య జాబితాకు మార్చింది.

జెజియాంగ్‌లోనే ఉన్న చింగ్‌యువాన్ జిల్లాలోని 1625 నాటి రూలుంగ్ వంతెనకు, అక్కడి వంతెనల మ్యూజియానికి వాన రోజు కేటాయించండి. ఫుజియాన్ వైపు షియాదాంగ్ అనే ఊళ్లోని వంతెనకు వెళ్లాలంటే బస్సులు తక్కువ, కారు మాట్లాడుకోవడం మేలు.

బస విషయానికొస్తే, సిషీలో ఇళ్లలో ఇచ్చే గదులు శుభ్రంగా ఉన్నాయి, వారాంతాల్లో మాత్రం గోల. శాకాహారులకు వెదురు మొలకలు, టోఫు దొరుకుతాయి; పంది కొవ్వు వేయవద్దని ముందే చెప్పాలి. ఫోనులో అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని, మన కార్డును బయల్దేరే ముందే దానికి జతచేసుకోండి. జూన్ వానలు, సెప్టెంబరు తుపాన్లు తప్పించుకోవాలంటే అక్టోబరు చివర వెళ్లండి.