బత్తాయికి వెలిగారం కొంటున్నారా? ఈ సంచితో జాగ్రత్త

నల్గొండ వైపు బత్తాయి రైతులు ఒక్కసారి చదవండి. బోరాన్ లోపానికి వేసే వెలిగారం పేరుతో తెల్ల సంచులు అమ్ముతున్నారు. 'బోరాక్స్, బోరాన్ 10.5 శాతం' అని పెద్ద అక్షరాలుంటాయి కానీ బ్యాచ్ నంబరు, కంపెనీ చిరునామా ఏవీ ఉండవు. బిల్లు అడిగితే "తెలిసినోళ్లమే కదన్నా, బిల్లెందుకు" అన్నాడు షాపాయన.

నీళ్లలో కలిపేటప్పుడే అనుమానం వచ్చింది. అసలు వెలిగారం చన్నీళ్లలో మొండికేస్తుంది. 100 మిల్లీలీటర్లలో ఆరేడు గ్రాములు కరిగితే ఎక్కువ. నేను కొన్నది 20 గ్రాములు వేసి కలిపితే మొత్తం మాయం. ఉప్పైతే అన్ని నీళ్లలోనే 35 గ్రాముల దాకా కరుగుతుంది.

తెలిసిన అవుసలాయన దగ్గరికి పట్టుకెళ్లాను. బంగారం అతకడానికి వాళ్లు రోజూ వాడేది ఇదే కదా. మంట తగలగానే అసలుది పొంగుతుంది, లోపలి నీరంతా పోయాక కరిగి అద్దంలాంటి పూస కడుతుంది. నాది చిటపటమని పేలింది, చల్లారాక తెల్ల గడ్డ మిగిలింది. ఎక్కువ భాగం ఉప్పేనని నా అనుమానం. బత్తాయికి ఉప్పు అసలే పడదు. మన బోర్ల నీళ్లే చాలాచోట్ల ఉప్పన, దానికి తోడు ఇదొకటి!

షాపాయన్ని అడిగితే "ఇది వేరే రకం వెలిగారం" అంటాడు. బోరేటు ఖనిజాల్లో రకాలున్న మాట నిజమే. వెలిగారం సోడియం బోరేటు, అందులో పది నీటి అణువులుంటాయి. కెర్నైట్ కూడా సోడియందే కానీ నీరు తక్కువ. కోలిమనైట్‌లో కాల్షియం, యులెక్సైట్‌లో రెండూ ఉంటాయి. వీటిలో ఏదీ చన్నీళ్లలో ఉప్పులా ఇట్టే కరగదు.

ఇంకో మాట. పాత వెలిగారం పలుకుల మీద తెల్లగా పొడి పేరుకుంటే నకిలీ అనుకోకండి. గాలికి నీరు పోయి అలా మారుతుంది, బోరాన్ శాతం కాస్త పెరుగుతుంది కూడా. మోతాదు మాత్రం దాటొద్దు, అసలు సరుకైనా ఎక్కువైతే ఆకు కొసలు మాడతాయి.

ఆ సంచి మీ దగ్గరుంటే చెట్లకు వేయకండి, పారేయకండి. రైతు వేదికలో ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పి మండల వ్యవసాయ అధికారికి శాంపిల్ ఇవ్వండి. నేనిచ్చాను, రిపోర్టు రావాలి. సంచి తిరిగిస్తే డబ్బులు వాపసు ఇస్తానని షాపాయన ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. నేనైతే ఇవ్వలేదు.