ట్రైళ్లకూ పార్కింగ్‌కూ క్యూజీఐఎస్: వాలు లెక్కల్లో దిట్ట, కార్ల దగ్గర తడబాటు

నగర పరిధిలోని కొండనో, చెరువు ఒడ్డునో జనం తిరగడానికి తెరవాలంటే ముందు రెండు సంగతులు తేలాలి. నడిచే దారి (ట్రైల్) ఎటు పోవాలి, వచ్చినవాళ్ల బళ్లు ఎక్కడ ఆగాలి. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన పటాల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌తో ఈ రెండు పనులూ పైసా ఖర్చు లేకుండా చాలా దూరం లాక్కురావచ్చు. కాకపోతే ఒక్కటి. దారి ఎక్కడ వేయకూడదో అది చక్కగా చెబుతుంది. ఎక్కడ వేయాలో కూడా దాన్నే అడిగితే మాత్రం తప్పుదారి పట్టిస్తుంది.

పని వాలు పటంతో మొదలవుతుంది. కొత్తవాళ్లు మొదటి దెబ్బ తినేదీ అక్కడే. ఉచితంగా దొరికే ఎత్తుల రాస్టర్లు (నేలను గడులుగా కోసి గడికొక ఎత్తు రాసిన పటాలు) చాలావరకు అక్షాంశ రేఖాంశాల్లో ఉంటాయి. అంటే అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో. దాన్ని అలాగే స్లోప్ టూల్‌కు ఇస్తే చదునైన మైదానం కూడా నిట్టనిలువు గోడలా వస్తుంది. ముందు వార్ప్ టూల్‌తో మీటర్లలో కొలిచే ఆ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు రీశాంప్లింగ్‌లో, అంటే కొత్త గడుల విలువలు లెక్కకట్టే పద్ధతిలో, మొదట కనిపించే నియరెస్ట్ నైబర్‌ను వదిలేసి బైలీనియర్ గానీ క్యూబిక్ గానీ ఎంచుకోవాలి. లేకపోతే వాలు పటం నిండా చారలు పడతాయి. స్లోప్ పేరుతో రెండు టూళ్లున్నాయి. క్యూజీఐఎస్ సొంతది డిగ్రీల్లోనే ఇస్తుంది. టూళ్ల జాబితాలో జీడాల్ (క్యూజీఐఎస్ వాడుకునే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) వర్గంలోని దానిలో శాతాల్లో ఇమ్మని టిక్ పెట్టుకోవచ్చు. ట్రైల్ పని శాతాల్లోనే నడుస్తుంది కాబట్టి రెండోదే వాడండి. 10 డిగ్రీలంటే దాదాపు 17.6 శాతం. ఈ రెంటినీ కలగాపులగం చేసిన నివేదికలు తక్కువేమీ కాదు.

లెక్క ఎంత బాగున్నా, ఇచ్చిన డేటాను మించి చెప్పలేదు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి తీసిన ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా గానీ, తర్వాతి కోపర్నికస్ డేటా గానీ సుమారు 30 మీటర్ల గడులు. రెండింటిలోనూ చెట్లున్నచోట ఎత్తులు నేలవి కావు, దాదాపు చెట్ల తలలవి. అడవి అంచున కనిపించే ‘కొండచరియ’ నిజానికి చెట్ల వరుస కావచ్చు. లైడార్‌తో (లేజర్ కొలతతో) తీసిన 1 మీటరు డేటా దొరికే నగరాలు అదృష్టవంతులే. దొరకనిచోట ఈ పటాన్ని ప్రాంతాల ఎంపికకే వాడాలి, దారి గీతకు కాదు.

క్యూజీఐఎస్ అసలు సత్తా తెలిసేది సగం సూత్రాన్ని పరీక్షించేటప్పుడు. దారి వాలు, అది దాటే కొండ పక్కవాలులో సగం మించకూడదు. మించితే నీళ్లు పక్కకు జారిపోకుండా దారి వెంటే పారి గాడి కోస్తాయి. పక్కవాలు 16 శాతమున్నచోట దారి 8 శాతానికి లోపే ఉండాలి. మొత్తం మీద సగటు 10 శాతం దాటకుండా చూసుకోవడం మామూలు పద్ధతి. పరీక్ష ఇలా: గీసిన దారి మీద పాయింట్స్ అలాంగ్ జామెట్రీతో 30 మీటర్లకొక చుక్క పెట్టండి. శాంపుల్ రాస్టర్ వాల్యూస్‌తో ప్రతి చుక్కకూ ఎత్తు, పక్కవాలు రెండూ తెచ్చుకోండి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో పక్క చుక్కల ఎత్తుల తేడాను 30తో భాగించి 100తో హెచ్చిస్తే దారి వాలు వస్తుంది. దాని రెట్టింపు పక్కవాలును మించిన చుక్కలకు ఎర్ర రంగు వేస్తే, రేపు కోసుకుపోయే ముక్కలన్నీ ఇవాళే కనిపిస్తాయి. 30 మీటర్ల డేటా మీద 5 మీటర్లకొక చుక్క పెడితే దారి మెట్లలా కనిపిస్తుంది. ఆ మెట్లు నేల మీద ఉండవు. పక్కవాలు 10 శాతం లోపున్న చదును నేల సులువనిపిస్తుంది గానీ, నీళ్లు ఎటూ పోక బురదయ్యేది అక్కడే. నడిచేవాళ్లు బురదను తప్పించుకుంటూ పక్కకు జరిగేకొద్దీ దారి ఏటా వెడల్పవుతుంది.

మొదట్లో తప్పుదారి అన్నది ఆర్.వాక్ టూల్ గురించే. గ్రాస్ అనే మరో ఓపెన్ సోర్స్ పటాల సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే ఈ టూల్ నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కకడుతుంది, ఆ లెక్క మీద చవకైన దారి తీయవచ్చు. ఫలితం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ దానికి కావలసింది నడిచేవాడి సమయం, నేల మన్నిక కాదు. అందుకే సందు దొరికితే వాగు అడుగు వెంటనో, వాలుకు ఎదురుగా నిటారుగానో పోతుంది. ట్రైల్ వేయకూడని చోట్లు సరిగ్గా అవే. దానికంటే ఆర్.వాటర్‌షెడ్ మేలు. నీళ్లు పోగయ్యే గీతలు తీసిస్తుంది, వాగు దాటే చోట్లు ముందే తెలుస్తాయి. అక్కడ దారి రెండు వైపులా వాగులోకి దిగేలా ఉండాలి. ఒకవైపు దిగుతూ అదే వాలులో ముందుకు పోతే, వరద రోజున వాగే దారి పట్టుకుపోతుంది.

ఇక పార్కింగ్. స్థలం వెతకడంలో సాఫ్ట్‌వేర్‌కు వంక పెట్టలేం. వాలు 5 శాతం లోపున్న గడులను రాస్టర్ కాలిక్యులేటర్‌తో వడకట్టి, పాలిగనైజ్ చేసి (ఆకారాల గీతలుగా మార్చి), వైశాల్యం చాలనివి తీసేస్తే నాలుగైదు చోట్లు మిగులుతాయి. కారు నిలిపే 2.5 × 5 మీటర్ల గడి, మధ్యలో 6 మీటర్ల బాట కలిపి కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. 60 కార్లకు 1,500–1,800. చెట్లకు, నీటి కాలువకు, బండి వెనక్కి తిప్పుకోవడానికి ఇంకొంత. పార్కింగ్ గడులు గీయడానికి మాత్రం క్యూజీఐఎస్ మొండి పనిముట్టు. సమాంతర గీతలు వేస్తుంది గానీ బస్సు మలుపు తిరుగుతుందో లేదో చెప్పదు. డీఎక్స్ఎఫ్ ఫైల్‌గా ఎగుమతి చేసి, ఇంజనీర్లు నక్షాలు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో పని ముగించడం తెలివైన పని.

ఎన్ని పార్కింగ్ గడులు కావాలన్నది అది ఎలాగూ చెప్పదు. అసలు నిర్ణయం అదే. 40 గడులు, ఒక్కో కారు సగటున 2 గంటలు, రద్దీ 6 గంటలు అనుకుంటే 120 కార్లు. కారుకు 2.5 మంది చొప్పున 300 మంది ట్రైల్ ఎక్కుతారు. అంటే పార్కింగ్ ఎంత పెద్దదైతే దారి మీద ఒత్తిడి అంత. ఏడాదిలో అతి రద్దీ రోజును చూసి కడితే మిగతా రోజులు ఖాళీ తారు మిగులుతుంది. మరీ తక్కువ కడితే బళ్లు రోడ్డు పొడవునా నిలుస్తాయి.

నడిచి రాగలవారెందరో చూడటానికి దారుల వెంట అంత దూరంలో ఎక్కడిదాకా చేరవచ్చో చూపే సర్వీస్ ఏరియా టూల్‌కు 800 మీటర్లు ఇవ్వండి. కొత్తగా గీసిన దారి రోడ్డు మీదుగా పోయినట్టు కనిపించినా, రెండింటికీ ఉమ్మడి బిందువు లేకపోతే టూల్ వాటిని కలపదు. ఫలితం సగానికి సగం పడిపోతుంది, కారణం అంతుపట్టదు. గీసేటప్పుడే స్నాపింగ్ (గీతలోని బిందువును పాత గీత బిందువుకు అతికించే సదుపాయం) ఆన్ చేసి పెట్టుకోవాలి.

డేటా దాచుకోవడానికి షేప్‌ఫైల్ వద్దు, జియోప్యాకేజ్ అనే ఫైల్ రకం వాడండి. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు 10 బైట్లే. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరసంకేతానికి 3 బైట్లు, అంటే మూడు సంకేతాలకే పేరు తెగిపోతుంది! ఆఫీసు పనికి నాలుగు నెలలకొకటి వచ్చే కొత్త వెర్షన్ల వెంట పడకుండా దీర్ఘకాలిక వెర్షన్‌తో ఉండటం మంచిది. నిలువుకోత చూపే ఎలివేషన్ ప్రొఫైల్ కావాలంటే 3.26 గానీ ఆపైది గానీ ఉండాలి.

చివరి గీత నేల మీదే పడుతుంది. క్యూఫీల్డ్ యాప్‌తో పటాన్ని ఫోన్‌లో వేసుకెళ్లవచ్చు గానీ, చెట్ల కింద జీపీఎస్ 5–10 మీటర్లు అటూ ఇటూ పోతుంది. వాలును క్లైనోమీటర్‌తోనే కొలిచి జెండాలు పాతాలి. హద్దు 10 శాతమైతే 7–8 దగ్గర పాతండి. బండలు, వేర్లు తప్పించేటప్పుడు ఆ మిగులు కరిగిపోతుంది. కట్టిన తర్వాత దారిని వేరే లేయర్‌లో మళ్లీ ఎక్కించండి, ప్లాన్ గీతను చెరిపేయొద్దు. మొదట్లో పెట్టే బోర్డు మీద దూరం రాయడానికి మాత్రం ఆ రెండూ పనికిరావు. వంపుల దగ్గర రెండూ మూలలు కోసేస్తాయి. కొలత చక్రంతో ఒకసారి నడవాలి.