ముందు చక్రం 21 అంగుళాలు: ఎక్స్‌పల్స్ 200 4వీ మీద మూడున్నరేళ్లు

దామలచెరువు దాటి మామిడి తోపుల్లోకి పోయే బండిబాటకు అడ్డంగా ఒక వంక ఉంది. నీళ్లు ఏడాదిలో రెండు మూడు నెలలే. మిగతా కాలమంతా గుండ్రాళ్లు, గరుసు. గట్టు దిగే చోట వాన కోసేసిన మెట్టు ఒకటి, జానెడు ఎత్తు ఉంటుంది. పాత బండితో అక్కడికి రాగానే దిగి, హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ దాటేవాణ్ని. 2022 ఫిబ్రవరిలో హీరో కంపెనీ ఆఫ్‌రోడ్ బైకు ఎక్స్‌పల్స్ తీసుకున్న నాలుగో రోజు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, ఆగకుండా ఆ మెట్టు దిగాను. ముందు చక్రం కిందికి పోయింది, ఫోర్కు ఒకసారి మునిగి లేచింది. అంతే, నేను అవతలి గట్టు మీద ఉన్నాను. ఇంజన్ ఆపి వెనక్కి నడిచి వచ్చి ఆ మెట్టును మళ్లీ చూశాను. అదే మెట్టు.

నా పని తోపుల్లో డ్రిప్పు లైన్లు వేయడం, పాడైతే బాగు చేయడం. తిరుపతిలో ఇల్లు. పాకాల, చిన్నగొట్టిగల్లు, ఎర్రావారిపాళెం పక్క పల్లెల్లో తిరుగుడు. వెనక సీటు మీద పైపు ముక్కలు, ఫిల్టర్లు, పానాల సంచి ఉంటాయి. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి, ఊళ్లకు పోయే బాటలు, కల్వర్టులు కొట్టుకుపోయిన సంగతి ఈ పక్క వాళ్లెవరూ మరవలేదు. ఆ నెలలోనే నా పాత బండి ముందు రిమ్ము వంకర పోయింది. కొత్త బండి మోజుతో కాదు, రిమ్ము వంగని బండి కావాలని వెతికాను.

మొదటిసారి నడిపి చూసింది మాత్రం తిరుపతిలో, ఎండలో, ట్రాఫిక్‌లో. నచ్చలేదు. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, నాది ఐదడుగుల ఐదంగుళాల ఎత్తు, ఒక కాలి మునివేళ్లే నేలకు తగిలాయి. బ్రేకు పడితే ముందు భాగం ముక్కు కిందికి వేసినట్టు వంగింది. మలుపులో నేను ఒరిగిన కాసేపటికి గానీ బండి ఒరగలేదనిపించింది. ఇదేం బండి అనుకుని ఇంటికి వచ్చేశాను. నాకు తెలిసిన ఒక రైతన్న అప్పటికే ఈ బండి పాత మోడల్ నడుపుతున్నాడు. "ఊర్లో నడిపితే ఏం తెలుస్తుంది, తోపులోకి తీసుకొచ్చి చూడు" అన్నాడు. ఆయన బండి మీదే ఒక సాయంత్రం దున్నిన నేలలో రెండు చుట్లు కొట్టాను. మర్నాడు అడ్వాన్సు కట్టాను.

ఆ వంకలో నాకు దొరికిన సంతోషం అంతా ఆ ముందు చక్రానిదే. మామూలు బళ్లకు ముందు రిమ్ము 17 లేదా 18 అంగుళాలు, దీనికి 21. టైరుతో కలిపి కొలిస్తే నా పాత బండి చక్రం 59 సెంటీమీటర్ల ఎత్తు, ఇది 69. బెత్తెడు తేడా. ఆ బెత్తెడే మొత్తం మార్చేస్తుంది. చిన్న చక్రం గుంతలోకి పూర్తిగా దిగి ఎదుటి అంచును గుద్దుకుంటుంది. పెద్దది గుంత పైపైనే ఆనుకుని, అంచును ఏటవాలుగా ఎక్కుతుంది. మన తాతలు ఎద్దుల బండికి మనిషి గుండెలదాకా వచ్చే చక్రం పెట్టింది ఎందుకో ఆ వంకలో నాకు అర్థమైంది. దీనికి తోడు ముందు షాకులు 190 మిల్లీమీటర్లు, వెనకది 170 మిల్లీమీటర్లు ఆడతాయి. రాయి తగిలిందని చేతులకు తెలుస్తుంది, దెబ్బ మాత్రం నడుముదాకా రాదు. సాయంత్రం ఇంటికొచ్చాక భుజాలు మర్దన చేయించుకోవడం ఆ ఏడాదితో మానేశాను.

ఇక పంచర్ల కథ. ఇది కొంచెం పొడుగు, కానీ స్పోకుల చక్రం ఉన్న ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

ఇట్లాంటి స్పోకుల రిమ్ములో ప్రతి స్పోకుకూ ఒక రంధ్రం ఉంటుంది కాబట్టి రిమ్ము గాలి నిలపదు, లోపల ట్యూబు ఉండాల్సిందే. ట్యూబ్‌లెస్ టైరుకు లాగా ముల్లు పీకి, రబ్బరు పుల్ల దూర్చి, ఐదు నిమిషాల్లో పోవడం కుదరదు. చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి. మా పక్క కంప చెట్లకు కరువు లేదు. కాబట్టి పంచర్లు పడతాయని తెలిసే తీసుకున్నాను. మొదటి 21,000 కిలోమీటర్లలో ముందు చక్రానికి రెండే పడ్డాయి.

2023 అక్టోబరులో ముందు టైరు అరిగితే ఒక అంగడిలో మార్పించాను. పేరు చెప్పను. టైరు మారుస్తూ స్పోకులు కూడా బిగించారు. అక్కడి నుంచి ఏడు వారాల్లో మూడు పంచర్లు. ప్రతిసారీ వేరే వేరే చోట వేయించాను, ప్రతి ఒక్కరూ "ముల్లేలే అన్నా" అన్నారు. టైరు లోపల ఎంత తడిమినా ముల్లు దొరకలేదు. కొత్త టైరే మంచిది కాదేమో అని దాన్ని తిట్టుకున్నాను.

నాలుగోది డిసెంబరులో, నెరబైలు అవతల ఒక తోపు నుంచి తిరిగి వస్తుంటే పడింది. సాయంత్రం ఆరు, సన్న తుంపర. హ్యాండిల్ బరువెక్కింది, చక్రం పాము లాగా మెలికలు పోయింది. నా దగ్గర విడి ట్యూబు లేదు. ముందే కొందామంటే 21 అంగుళాల ట్యూబు తిరుపతిలో అడిగిన రెండు చోట్లా లేదు, తెప్పిస్తామన్నారు. ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు కిలోమీటర్లు తోసుకుంటూ ఒక పల్లెకు చేరాను. అక్కడ చింతచెట్టు కింద పంచర్ అంగడి ఉంది, సైకిళ్లకు, ట్రాక్టర్లకు. డెబ్బై ఏళ్లుంటాయేమో, ఒక పెద్దాయన మూసేయబోతూ ఉన్నాడు.

ఇట్లాంటి చక్రం తాను విప్పలేదన్నాడు. నేను విప్పాను. దీనికి సెంటర్ స్టాండు లేదు, అందుకని ఇంజన్ కింద ఉండే రేకు కవచానికి ఒక గ్రానైటు రాయి, దాని మీద గోనెసంచి ఆనించి ముందు భాగం లేపాం. చక్రం బయటికి తీశాక బ్రేకు లివరు నొక్కొద్దని ఆయనకు చెప్పాను, నొక్కితే ప్యాడ్లు మూసుకుపోయి డిస్కు మళ్లీ దూరదు. అంతవరకే నా పాండిత్యం. ఆ తర్వాత అంతా ఆయనదే.

ట్యూబులో గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు వచ్చిన చోట వేలు పెట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత నా పక్కకు తిప్పి అన్నాడు:

"నాయనా, ఇది ముల్లు కాదు. ముల్లయితే నేల పక్క గుచ్చుతుంది. ఇది రిమ్ము పక్క ఉండాది చూడు. నీ రిమ్మే నీ ట్యూబును కొరకతా ఉండాది."

పాత ప్యాచులు మూడూ చూపించాడు. మూడూ రిమ్ము పక్కే, మూడూ ఒకే జానెడు మేరలో. మూడు చోట్ల ముగ్గురు అతికించారు, ఒక్కరూ ఆ సంగతి చూడలేదు. నేనూ చూడలేదు. ఆయన ట్యూబును రిమ్ము మీద పరిచాడు, వాల్వును వాల్వు రంధ్రానికి సరిపెట్టి. ప్యాచులన్నీ వచ్చి ఒక స్పోకు మీద నిలబడ్డాయి. స్పోకుల కొనలు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. అది అక్కడ చిరిగి పక్కకు జరిగి ఉంది. బిగించినప్పుడు స్పోకు కొన నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే మర) దాటి గోరంత పైకి పొడుచుకు వచ్చింది. బండి గుంతలో పడినప్పుడల్లా ఆ కొన ట్యూబును పొడుస్తోంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు అట్లా లేదు. టైరు మార్చిన అంగడిలో టైరు ఊడదీసే కమ్మీలతో పెరుకుతూ పట్టీ చింపారు, బిగించాక కొనను ఆకురాయితో రాకలేదు, చిరిగింది కనబడినా అదే వేసి మూసేశారు. ఆ మనిషికి పని రాక కాదు. ఇంకో బండి కాచుకుని ఉందని తొందర. ఆ తొందరకు ఏడు వారాలు నేను రోడ్డు మీద ఉన్నాను, ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

పెద్దాయన ఆకురాయి తీసి కొనను నిపుల్‌తో సమానంగా రాకాడు. చుట్టూ ఉన్న స్పోకులన్నిటి మీదా బొటనవేలు పెట్టి చూసి ఇంకో రెండు రాకాడు. పాత సైకిల్ ట్యూబు ఒకటి నిలువుగా కోసి, వాల్వుకు చిల్లు పెట్టి, రిమ్ము చుట్టూ బిగువుగా వేశాడు. ట్యూబుకు ప్యాచు వేసి, టైరు ఎక్కించేముందు ట్యూబులో కొంచెం గాలి నింపాడు, మడత పడి కమ్మీ కింద నలగకుండా. నూటయాభై అడిగాడు. బయల్దేరేసరికి ఎనిమిదిన్నర. బాకరాపేట ఘాట్ మలుపులన్నీ ఆ చక్రాన్నే వింటూ దిగాను.

ఆ తర్వాత 22,000 కిలోమీటర్లు తిరిగాను. ముందు చక్రానికి ముళ్ల పంచర్లు రెండు పడ్డాయి. లోపలి పక్క ఒక్కటీ లేదు. ఇప్పుడు ఎప్పుడు పంచరు వేయించినా ట్యూబు నా చేతిలోకి తీసుకుని, చిల్లు ఏ పక్క ఉందో నేనే చూస్తాను. సంచిలో 21 అంగుళాల ట్యూబు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వెనక 18 అంగుళాల చక్రానికి కూడా అవసరానికి దాన్నే సర్ది వేసుకుని ఇల్లు చేరవచ్చు. 18ది తెచ్చి ముందుకు వేయడం కష్టం. కొనేటప్పుడు డబ్బా మీద అంకె కాదు, ట్యూబు మీద అచ్చు వేసిన అంకె చూడండి.

కొత్తలో నన్ను అడిగిన వాళ్లందరికీ "దీనికి గుంత అనేదే లేదు" అని చెప్పేవాణ్ని. అది గరుసులో, రాళ్లలో, దున్నిన నేలలో నిజం. స్వర్ణముఖి ఇసుకలో కాదు. ముందు టైరు వెడల్పు 90 మిల్లీమీటర్లే, ఎండిన ఏటి ఇసుకలో కోసుకుని దిగబడుతుంది. లేచి నిలబడి, బరువు వెనక్కి వేసి, యాక్సిలరేటర్ వదలకుండా పోవాలి. భయపడి వదిలితే పడతాం. నేను మూడుసార్లు పడ్డాక నేర్చుకున్నాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో కూడా పెద్ద చక్రం నిదానంగానే తిరుగుతుంది. అలవాటయ్యాక ఆ నిదానమే నాకు ధైర్యంగా ఉంది, కానీ చిన్న చక్రం బండి నుంచి వచ్చినవాళ్లు మొదటి నెల నెమ్మదిగా పోవాలి. నా మోడల్‌లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ముందు చక్రానికే. గరుసు దిగుడులో వెనక చక్రం జారుతూ దిగడం నాకు సుఖం. వాన పడ్డ తారు మీద మాత్రం వెనక బ్రేకు జాగ్రత్తగా తొక్కుతాను.

పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి రెండుసార్లు పోయాను. ఇంజన్ బలం 19 పీఎస్ (అంటే దాదాపు 19 హార్స్‌పవర్), ఐదు గేర్లు. డెబ్బై దగ్గర హాయిగా పోతుంది, అంతకంటే తొందర ఉన్నవాళ్లకు ఇది ఆ పనికి పుట్టిన బండి కాదు. నేను మూడోసారి బస్సులో పోయాను.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ ఈ బండి ఎక్కలేదు, సీటు అంత ఎత్తు. తిరుచానూరు గుడికి పోవాలంటే తమ్ముడి స్కూటరే. మా ఆవిడ చీర కట్టుకున్నప్పుడు ఎక్కడానికి అరుగు వెతుక్కుంటుంది. ఇంట్లో ఒకే బండి ఉండేవాళ్లు ఇది ఆలోచించకుండా తీసుకోవద్దు.

ఇంకో మాట. ఆఫ్‌రోడ్ బండి అనగానే కుర్రవాళ్లు శేషాచలం అడవి అంటారు. అది రిజర్వు అడవి, ఎర్రచందనం కోసం చెక్‌పోస్టులు ఉన్న చోటు, బండి వేసుకుని దూరే బాట కాదు. మనకు బండిబాటలు, చెరువు కట్టలు, వంకలు చాలినన్ని ఉన్నాయి.

2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 మోడల్ ఒక స్నేహితుడు తీసుకున్నాడు. ఒక ఉదయం రంగంపేట పక్క మట్టిబాటలో ముప్పై కిలోమీటర్లు నడిపించాడు. ముందు చక్రం అదే 21, షాకుల ఆట ముందు 210, వెనక 205 మిల్లీమీటర్లకు పెరిగింది. ఆరో గేరు, 24.6 పీఎస్ ఇంజన్. తారు మీద నా బండి ఎక్కడ అలసిపోతుందో అక్కడ అది ఇంకా ఊపిరి ఉన్నట్టు పోయింది. బరువు నాదానికంటే పది కిలోల దాకా ఎక్కువ, ఇసుకలో పడితే లేపేది మనమే కదా అని నాకు అనిపించింది. రోజూ హైవే మీద పల్లెలకు పోయే మనిషినైతే అదే తీసుకునేవాణ్ని. నా రోజు తోపుల్లో గడుస్తుంది, వెనక ముప్పై కిలోల సామాను ఉంటుంది, అప్పు ఇప్పుడిప్పుడే తీరింది. నేను మార్చడం లేదు. మీ దారి వేరైతే మీ లెక్క వేరు.

మీటరు 46,000 దాటింది. ముందు టైరు మళ్లీ అరిగింది, వచ్చే నెల మార్చాలి. ఈసారి తిరుపతిలో మార్పించను. టైరు కొనుక్కుని, వెనక కట్టుకుని, ఆ చింతచెట్టు కిందికే పోతాను. సైకిల్ ట్యూబు పట్టీ ఎట్లా ఉందో ఆయనే విప్పి చూడాలి.